గోడకెక్కిన చెరోకీ అక్షరం

ఇంగ్లీషు చదవడం వచ్చిన పిల్లవాడి ముందు చెరోకీ అక్షరాలు పెడితే ధీమాగా మొదలుపెడతాడు. డబ్ల్యూ కనిపిస్తుంది, ఎం కనిపిస్తుంది, జెడ్ కనిపిస్తుంది. రెండడుగులు వేశాక ఆగిపోతాడు. అక్కడ డబ్ల్యూ ఆకారాన్ని 'ల' అని చదవాలి. ఎం ఆకారం 'లు'. జెడ్ 'నో'. హెచ్ 'మి'. డి లాంటిది 'అ', ఆర్ లాంటిది 'ఎ', టి లాంటిది 'ఇ'. మిగిలిన అక్షరాలు చాలావరకు ఏ భాషలోనూ చూసినట్టు ఉండవు. కొన్ని కొక్కేల్లా, కొన్ని ముడివేసిన తాళ్లలా ఉంటాయి.

అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రంలో ఆష్‌విల్ అనే పట్టణం ఉంది. అక్కడి నడివీధుల్లో ఈ అక్షరాలు నిలువెత్తు గోడల మీద రంగుల్లో కనిపిస్తున్నాయి. జారెడ్ వీట్లీ అనే చెరోకీ చిత్రకారుడు 'ఇండిజీనస్ వాల్స్ ప్రాజెక్ట్' పేరుతో మొదలుపెట్టిన పని ఇది. ఆ కొండలూ ఆ లోయలూ ఒకప్పుడు చెరోకీలవే. ఇవాళ ఆ వీధిలో నడిచేవాళ్లలో ఎక్కువమందికి గోడ మీద ఏం రాసి ఉందో తెలియదు. చదవలేకపోయినా, ఇది ఎవరి నేల అన్న ప్రశ్న మాత్రం దారిన పోయేవాడి ముందు నిలబడుతుంది.

ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకో భాష, పరీక్షలో మూడో భాష ఉన్న పిల్లలను పెంచుతున్నవాళ్లు ఈ పేజీ పాఠకులు. చెరోకీల కష్టం మన కష్టంకంటే చాలా పెద్దది, రెండింటినీ ఒకే గాటన కట్టలేం. అయినా మన బడుల డ్రాయింగ్ మాస్టార్లకూ తెలుగు టీచర్లకూ చెరోకీ చిత్రకారుల పనిలో పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి. అందుకే ఈ వారం వాళ్ల గురించి చెప్పుకుందాం.

గుణింతం లేని లిపి

ఈ లిపిని తయారుచేసినవాడు పండితుడు కాడు, వెండిపని చేసే కంసాలి. పేరు సెకోయా. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. తెల్లవాళ్లు కాగితం మీద గీతలు గీసి దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడుకోవడం చూశాడు. మా భాషకు మాత్రం ఎందుకు ఉండకూడదు అనుకున్నాడు. మొదట ఒక్కో మాటకు ఒక్కో గుర్తు పెట్టాలని చూసి, లెక్కకు అందక వదిలేశాడు. తర్వాత మాటలను పలుకులుగా విడగొట్టాడు. అలా సుమారు 12 ఏళ్లు పట్టింది. 1821 నాటికి లిపి సిద్ధమైంది. మొదట నేర్చుకున్నది ఆయన చిన్న కూతురు అయోకా. పెద్దలు నమ్మలేదు. తండ్రిని ఒకచోట, కూతురిని ఇంకోచోట ఉంచి, ఒకరికి చెప్పిన మాట రాయించి మరొకరితో చదివించారు. ఆ పాప తడుముకోకుండా చదివేసరికి సభ ఒప్పుకుంది. తర్వాత చెరోకీ సభ సెకోయాకు పతకం చేయించింది. అదీ వెండిదే.

తెలుగు టీచర్లకు ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. చెరోకీ కూడా మన తెలుగులాగే పలుకును పలుకుగా రాసే లిపి. కానీ మనకు గుణింతం ఉంది. క రాస్తే, దాని మీద గుడి పెడితే కి, కొమ్ము పెడితే కు. కుటుంబం మొత్తం ఒక్క పోలికలో ఉంటుంది. చెరోకీలో ఆ పోలిక లేదు. 'ల'కూ 'లు'కూ ఆకారంలో ఏ చుట్టరికమూ ఉండదు. ఇప్పుడు వాడుకలో ఉన్న 85 అక్షరాలనూ విడివిడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే. అచ్చు తోడులేకుండా విడిగా నిలబడే హల్లు ఒక్క 'స్' మాత్రమే. అవన్నీ వచ్చాక ఇక స్పెల్లింగ్ బెడద లేదు, పలికింది రాయడమే. కొద్ది సంవత్సరాల్లోనే వేలమంది చెరోకీలు బడి ముఖం చూడకుండానే చదవడం నేర్చుకున్నారంటే కారణం ఇదే.

1828 ఫిబ్రవరి 21న జార్జియాలోని న్యూ ఎకోటా నుంచి 'చెరోకీ ఫీనిక్స్' పత్రిక వచ్చింది. ఎలియాస్ బౌడినాట్ సంపాదకుడు. ఒకే పేజీలో ఇంగ్లీషూ చెరోకీ. అక్షరాల దిమ్మలు బోస్టన్‌లో పోతపోశారు. సెకోయా చేతిరాతలో అక్షరాలు వంపులు తిరిగి, ముడులు పడి ఉండేవి. అచ్చుకోసం అవి నిటారుగా, పొడిగా మారాయి. చిత్రకారులకు ఇది చిన్న విషయం కాదు. అక్షరానికి చేతిలో ఒక రూపం, అచ్చులో ఒక రూపం ఉన్నప్పుడు, కుంచె పట్టినవాడికి ఆ రెండింటి మధ్యా ఆడుకోవడానికి చోటు దొరుకుతుంది.

కొండలకు వీడ్కోలు

పత్రిక మొదలైన రెండేళ్లకు, 1830లో, మిసిసిపీ నదికి తూర్పున ఉన్న ఆదివాసులను పడమటికి తరలించే చట్టం వచ్చింది. 1835లో చెరోకీ ప్రభుత్వం ఒప్పుకోకుండానే కొద్దిమంది కలిసి ఒడంబడిక మీద సంతకాలు పెట్టారు. వాళ్లలో బౌడినాట్ కూడా ఉన్నాడు. 1838లో సైన్యం వచ్చి ఇళ్లలోంచి మనుషులను బయటికి లాగింది. సుమారు 16,000 మందిని ఇప్పటి ఒక్లహోమా వైపు నడిపించారు. దారిలోనూ శిబిరాల్లోనూ సుమారు 4,000 మంది చనిపోయి ఉంటారని అంచనా. దీన్నే కన్నీటి బాట అంటారు. కొందరు ఉత్తర కరోలినా కొండల్లోనే మిగిలిపోయారు. అందుకే ఇవాళ చెరోకీలు రెండు ప్రాంతాల్లో ఉన్నారు. ఒక్లహోమాలోని తాలెక్వా పట్టణం కేంద్రంగా చెరోకీ నేషన్, యునైటెడ్ కీటూవా బ్యాండ్ అనే రెండు ప్రభుత్వాలు, ఉత్తర కరోలినాలో ఈస్టర్న్ బ్యాండ్ అనే మూడో ప్రభుత్వం ఉన్నాయి.

ఈ బాటను చాలామంది చిత్రించారు. మంచు, బళ్లు, దుప్పట్లు కప్పుకున్న ముసలివాళ్లు, ఏడుస్తున్న తల్లులు. చూడగానే మనసు కరుగుతుంది, రెండోసారి చూడాలనిపించదు. కే వాకింగ్‌స్టిక్ 2007లో వేసిన 'స్మోకీ కొండలకు వీడ్కోలు' అలాంటిది కాదు. చెక్క పలకల మీద తైలవర్ణాలతో వేసిన ఈ చిత్రం డెన్వర్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. చూపంతా కొండలే లాక్కుంటాయి. మడతలు మడతలుగా వెనక్కి వెనక్కి పోతున్న కొండలు. అడుగున చీమల బారులా చిన్న చిన్న మనుషుల వరుస. ముఖాలు లేవు, కన్నీళ్లు లేవు. ముందు కొండలను చూసి ఎంత బాగున్నాయి అనుకుంటాం, తర్వాత ఆ వరుస కంటపడుతుంది. పోగొట్టుకున్నది ఎంత అందమైనదో ముందు చూపించి, పోయినవాళ్లను తర్వాత చూపించడం ఈ చిత్రం చేసిన పని. ఏడిపించే బొమ్మలకంటే ఇది ఎక్కువసేపు మనసులో ఉంటుందని మా అభిప్రాయం.

వాకింగ్‌స్టిక్ 1935లో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో పుట్టారు. తండ్రి ఒక్లహోమా చెరోకీ, తల్లి తెల్లజాతి స్త్రీ. ఆమె తల్లి దగ్గరే, చెరోకీ నేలకు చాలా దూరంగా పెరిగారు. ఇంటిపేరు ఉంది, తండ్రి పక్కన లేడు. ఆ ఇంట్లో చెరోకీ మాట వినిపించే అవకాశం లేకుండా పోయింది. ఆమె చిత్రాల్లో చాలా వాటికి రెండు పలకలు ఉంటాయి. పక్కపక్కన ఆనుకుని ఉంటాయి, కానీ మధ్యలో గీత కనిపిస్తూనే ఉంటుంది. పాత చిత్రాల్లో ఒక పలక మీద ప్రకృతి దృశ్యం, ఇంకో పలక మీద ఆకారాలు, గీతలు, మందంగా పూసిన రంగు. రెండు వంశాలు ఒకే మనిషిలో ఉండటం ఎలా ఉంటుందో చెప్పడానికి ఆమె మాటలు వెతుక్కోలేదు, రెండు పలకలు చాలాయి.

ఇటీవలి చిత్రాల్లో ఆమె ఇంకో పని చేస్తున్నారు. ఏ నేలను చిత్రిస్తే ఆ నేలకు చెందిన తెగ బుట్టల మీద, కుండల మీద, తోలు సంచుల మీద ఉండే నమూనాను ఆ దృశ్యం మీద వరుసగా అద్దుతున్నారు. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికన్ చిత్రకారులు ఇవే కొండలనూ నదులనూ మనుషులు లేని దేశంలా గీశారు. 2023లో న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీ ఆ పాత చిత్రాలనూ వాకింగ్‌స్టిక్ చిత్రాలనూ పక్కపక్కన వేలాడదీసింది. పాతవాటిలో నేల ఖాళీగా ఉంది. ఆమె చిత్రాల్లో అదే నేల మీద ఒక అంచు ఉంది, చీర అంచులాగా. అంచు చూస్తే ఎవరి నేతో తెలిసినట్టే, ఆ నమూనా చూస్తే ఎవరి నేలో తెలుస్తుంది. 2024లో వెనిస్ బినాలేలోనూ ఆమె చిత్రాలు ఉన్నాయి. అప్పటికి ఆమెకు 89 ఏళ్లు.

భాష దక్కని బిడ్డ వారసత్వాన్ని ఎంతదూరం మోయగలదో చూడాలంటే వాకింగ్‌స్టిక్ జీవితం చూడాలి. చాలా దూరమే మోసింది. కానీ ఆమె చిత్రాల్లో మాట లేదు, నేలే ఉంది.

బుట్టలో అల్లిన పేర్లు

భాష ఎలా పోయిందో కూడా చిత్రకారులే చూపించారు. 1879లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్‌లో రిచర్డ్ ప్రాట్ అనే సైనికాధికారి ఆదివాసీ పిల్లలకు హాస్టల్ బడి పెట్టాడు. దేశం నలుమూలల నుంచీ పిల్లలను తెచ్చారు. జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, సొంత భాష మాట్లాడటాన్ని నిషేధించారు. దాన్ని చూసి ఇంకెన్నో బడులు వెలిశాయి. చెరోకీలకు ఒక్లహోమాలో సొంత బడులుండేవి. 1907లో ఒక్లహోమా రాష్ట్రంగా ఏర్పడేసరికి అవీ వాళ్ల చేతిలోంచి పోయాయి.

ఈస్టర్న్ బ్యాండ్‌కు చెందిన షాన్ గోషోర్న్ 2011లో కార్లైల్ మీద ఒక బుట్ట అల్లింది. నీటిరంగుల చిత్రాలకు వాడే మందపాటి కాగితం మీద ఆ బడిలో చదివిన పిల్లల పేర్లూ ప్రాట్ మాటలూ అచ్చువేసింది. ఆ కాగితాన్ని సన్నటి బద్దలుగా కోసి, వెదురు బద్దల్లా అల్లింది. మూత మీద 1912 నాటి బడి పిల్లల ఫొటో. చెరోకీల జంట అల్లికలో లోపలో బుట్ట, బయటో బుట్ట ఒకే అల్లికగా సాగుతాయి. గోషోర్న్‌కు ఆ పని ఎవరూ పక్కన కూర్చుని నేర్పలేదు. వయసులో ఉన్నప్పుడు ఒక ప్రభుత్వ సంస్థ కోసం పాత బుట్టల నమూనాలను సిరాతో గీసిపెట్టింది. గీస్తూ గీస్తూ అల్లిక ఎటు పోతుందో కన్ను పట్టేసింది. చాలా ఏళ్ల తర్వాత, 2008 ప్రాంతంలో, చేతులు ఆ పని అందుకున్నాయి. 2018లో ఆమె చనిపోయింది. ఇది బొమ్మా, బుట్టా, పత్రమా అని అడిగితే సమాధానం చెప్పడం కష్టం. మా దృష్టిలో అది హాజరుపట్టీ.

అక్షరమే బొమ్మ

పాత తరంలో సెసిల్ డిక్ అనే చిత్రకారుడు ఉండేవాడు. 1915లో ఒక్లహోమాలో పుట్టాడు. ఇంటి భాష చెరోకీ. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోయారు. శాంటా ఫే ఇండియన్ స్కూల్లో డొరొతీ డన్ అనే టీచర్ దగ్గర చిత్రలేఖనం నేర్చుకున్నాడు. నీడలు లేకుండా, వెనక దృశ్యం లేకుండా, గీతకు లోపల పలచగా రంగు నింపే పద్ధతి అది. ఆ పద్ధతిలో చెరోకీల పాత బతుకును గీశాడు. ఆయనకు అక్షరాన్ని ప్రత్యేకంగా బొమ్మలోకి లాగాల్సిన అవసరం అంతగా కలగలేదేమో. మాట ఆయన నోట్లోనే ఉంది.

ఇప్పటివాళ్ల పరిస్థితి అది కాదు. చెరోకీ నేషన్ పౌరుల సంఖ్య 4.5 లక్షలు దాటింది. పుట్టుకతో ఆ భాష మాట్లాడేవాళ్లు సుమారు 2,000 మంది. వాళ్లలో ఎక్కువమంది పెద్దవయసువాళ్లు. ఈస్టర్న్ బ్యాండ్‌లో మాట్లాడేవాళ్లు కొన్ని వందలు కూడా ఉండరు. 2019లో మూడు చెరోకీ ప్రభుత్వాలూ కలిసి భాషకు అత్యవసర పరిస్థితి ప్రకటించాయి. వరదకో తుపానుకో ప్రకటించేది భాషకు ప్రకటించారు. ఇలాంటి సమయంలో కుంచె పట్టినవాళ్లకు లిపి ఊరికే కనబడే వస్తువు కాదు, కరిగిపోతున్న ఆస్తి.

రాయ్ బోనీ జూనియర్ అందుకు మంచి ఉదాహరణ. ఆయన చిత్రకారుడు, కామిక్స్ గీస్తాడు, యానిమేషన్ చేస్తాడు, లిపిని తన బొమ్మల్లోకి తెస్తాడు. అదే మనిషి చెరోకీ నేషన్ భాషా విభాగంలో ఉద్యోగి. జోసెఫ్ ఎర్బ్‌దీ అదే దారి. తాలెక్వాలోని భాషా సాంకేతిక విభాగంలో వీళ్లిద్దరూ పనిచేశారు. చెరోకీ లిపి 1999లో యూనికోడ్‌లోకి వచ్చింది. 2010లో ఐఫోన్‌లోకి, 2012లో విండోస్‌లోకి, జీమెయిల్‌లోకి చేరింది. పిల్లలు ఫోన్‌లో చెరోకీలో మెసేజ్‌లు పెట్టుకోగలుగుతున్నారంటే అందులో ఈ చిత్రకారుల విభాగం శ్రమ ఉంది. పగలు కీబోర్డు, రాత్రి కాన్వాసు. బొమ్మలో వేసే అక్షరానికీ ఫోన్‌లో కనిపించే అక్షరానికీ వాళ్ల దగ్గర తేడా లేదు.

ఎర్బ్ చేసిన ఇంకో పని టీచర్లు గమనించాలి. చెరోకీ భాషలో మొట్టమొదటి యానిమేషన్ చిత్రం ఆయనదే. అది సృష్టి కథ. మొదట అంతా నీళ్లే. జంతువులన్నీ పైన ఆకాశంలో ఇరుకిరుగ్గా ఉంటాయి. కింద ఏముందో చూద్దామని ఒక చిన్న నీటిపురుగు దిగుతుంది. మునిగి మునిగి అడుగునుంచి కాస్త బురద పైకి తెస్తుంది. ఆ బురదే పెరిగి నేల అవుతుంది. అది ఆరిందో లేదో చూడటానికి పెద్ద రాబందు బయల్దేరి, చెరోకీల నేల దగ్గరికి వచ్చేసరికి అలిసిపోతుంది. రెక్క తగిలినచోట లోయ, రెక్క లేచినచోట కొండ. వాకింగ్‌స్టిక్ చిత్రంలోని స్మోకీ కొండలు చెరోకీ అవ్వల లెక్కలో అలా పుట్టినవే. తర్వాత ఎర్బ్ చెరోకీ, మస్కోగీ పిల్లలకు వాళ్ల తెగల కథలను వాళ్లే యానిమేషన్‌గా చేసుకోవడం నేర్పాడు. కథ కావాలంటే పెద్దవాళ్ల దగ్గరికి పోవాలి, గొంతు కావాలన్నా వాళ్ల దగ్గరికే పోవాలి.

అమెరికా మెరెడిత్ అనే చిత్రకారిణి మరో తీరు. పేరే అమెరికా. ఆమె పాత చెరోకీ నమూనాలను చిన్నప్పటి కార్టూన్ల రంగులతో కలిపేస్తుంది. వాటి మధ్య చెరోకీ మాటలు లిపిలో రాస్తుంది. ఆదివాసీ కళ అనగానే ఈకలూ గుర్రాలూ అస్తమిస్తున్న సూర్యుడూ వెతుక్కునేవాళ్లకు ఇవి మింగుడుపడవు. మాకు మాత్రం హాయిగా అనిపించింది. భాషను ఎప్పుడూ ఏడుపు ముఖంతోనే తలుచుకోవాలా?

2021 చివర, 2022 మొదట్లో ఆష్‌విల్ ఆర్ట్ మ్యూజియంలో 'సజీవ భాష' అనే అర్థం వచ్చే పేరుతో ఒక ప్రదర్శన జరిగింది. చెరోకీ నగరంలోని మ్యూజియంతో కలిసి చేశారు. ఈస్టర్న్ బ్యాండ్ నుంచీ చెరోకీ నేషన్ నుంచీ 30 మందికి పైగా కళాకారులు. చిత్రాలు, అచ్చులు, బుట్టలు, మట్టిపని అన్నింటిలోనూ ఒకటే విషయం, లిపి. చెరోకీల మొదటి ఊరుగా చెప్పుకునే కీటూవా ఆ కొండల్లోనే ఉంది. పరాయిచేతుల్లోకి పోయిన ఆ స్థలాన్ని ఈస్టర్న్ బ్యాండ్ 1996లో డబ్బిచ్చి కొని తిరిగి తెచ్చుకుంది.

ఎవరు గీస్తే చెరోకీ బొమ్మ?

ఈ ప్రశ్న అక్కడ చాలా పదునైనది. 1990 నాటి చట్టం ప్రకారం ఆదివాసీ కానివాళ్లు తమ వస్తువులను ఆదివాసీ కళ అని చెప్పి అమ్మితే నేరం. జిమ్మీ డర్హమ్ అనే పేరున్న కళాకారుణ్ని ప్రపంచం దశాబ్దాల పాటు చెరోకీగా గౌరవించింది. 2017లో ఆయన పనులతో పెద్ద ప్రదర్శన అమెరికా మ్యూజియాల్లో తిరుగుతున్నప్పుడు చెరోకీ కళాకారులూ పరిశోధకులూ కొందరు బహిరంగంగా అడ్డుచెప్పారు. ఆయన పేరు మూడు చెరోకీ ప్రభుత్వాల్లో దేని పౌరుల జాబితాలోనూ లేదన్నారు. కళకు జాతి కాగితాలెందుకు అని వాదించినవాళ్లూ ఉన్నారు. మాకు చెరోకీల మాటే సబబుగా తోచింది. భాష, నేల పోగొట్టుకున్నవాళ్లకు మిగిలింది పేరు ఒక్కటే. దాన్నీ అడగకుండా వాడుకుంటే ఎవరు ఊరుకుంటారు?

బొమ్మ మాట్లాడదు

ఇన్ని చెప్పాక ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. అక్షరాలను ఎంత అందంగా గీసినా భాష బతకదు. భాష నోట్లో బతుకుతుంది. ఇది ఆ చిత్రకారులకు మనకంటే బాగా తెలుసు. లేకపోతే బోనీ, ఎర్బ్ ఆఫీసులో కూర్చుని కీబోర్డులు చేయించేవాళ్లు కాదు. తాలెక్వాలో 2001లో పసిపిల్లలకు పూర్తిగా చెరోకీలోనే చదువు చెప్పే బడి మొదలైంది. ఈస్టర్న్ బ్యాండ్ కూడా న్యూ కీటూవా అకాడమీ పేరుతో అలాంటి బడే నడుపుతోంది. అక్కడికి వచ్చే పిల్లల తల్లిదండ్రుల్లో చాలామందికి చెరోకీ రాదు. బిడ్డ బడిలో నేర్చుకున్నది ఇంట్లో మాట్లాడదామంటే వినేవాళ్లు లేరు. సరిహద్దు జిల్లాల్లోని మన తల్లిదండ్రుల్లో కొందరికి ఈ కష్టం కొత్తకాదు. మాట్లాడటం వస్తుంది, రాయడం రాదు. హోంవర్క్ దగ్గర చిక్కుకుపోతారు.

2019లోనే చెరోకీ నేషన్ ఒక పెద్ద పుస్తకం తెరిచింది. భాష వచ్చినవాళ్లు వచ్చి అందులో సంతకం పెట్టాలి. మొదటి సంతకం డర్బిన్ ఫీలింగ్‌ది. 1975లో వచ్చిన చెరోకీ నిఘంటువు ఆయన పనే. 2020లో ఆయన చనిపోయారు. తాలెక్వాలో ఇప్పుడు భాషాకేంద్రానికి ఆయన పేరే పెట్టారు. ఆ ఏడాది చివర కరోనా టీకాలు వచ్చినప్పుడు చెరోకీ నేషన్ మొదటి వరుసలో వైద్య సిబ్బందితోపాటు చెరోకీ మాట్లాడే పెద్దవాళ్లను నిలబెట్టింది. భాష వచ్చిన ముసలావిడను డాక్టరు పక్కన నిలబెట్టిన ప్రభుత్వం అది. గోడ మీద అక్షరాలకు విలువ ఉందంటే, వెనక ఇలాంటి పనులు జరుగుతున్నాయి కాబట్టే.

మన డ్రాయింగ్ పీరియడ్‌లో

2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్లు 8.11 కోట్లు. తెలుగుకు అత్యవసర పరిస్థితి ఏమీ లేదు. కానీ హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో ఒక ఇంట్లో అవ్వతో ఆగిపోయే తెలుగుకు ఆ 8 కోట్లమంది ఏమీ చేయలేరు. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో చదువుకు సదుపాయాలు కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణ చెబుతుంది. టీచరు కోసం, పుస్తకాల కోసం ఆ అధికరణను పట్టుకుని అడగాలి, అడుగుతూనే ఉండాలి. ఇంట్లో మాటకు మాత్రం ఏ అధికరణా లేదు.

మన బడుల్లో తెలుగు అక్షరం గోడకు ఎక్కని రోజంటూ లేదు. వార్షికోత్సవానికి థర్మకోల్‌తో కోసి, జరీ అద్ది, వేదిక వెనక అంటిస్తాం. మర్నాడు దులిపేస్తాం. చదవడానికి కాదు, ఫొటోకు. చెరోకీ చిత్రకారుల దగ్గర మేము చూసిన తేడా ఇక్కడే ఉంది. వాళ్ల అక్షరం ఒక మాటగా ఉంటుంది. చదవగలిగినవాడికి అర్థం చెబుతుంది, చదవలేనివాడి చేత ఇదేమిటి అని అడిగిస్తుంది.

ఆరో తరగతి పిల్లలకు ఇలా ఒక పని ఇచ్చి చూడవచ్చు. ఇంట్లో అవ్వనో తాతనో అడిగి, తెలుగు వాచకంలో లేని ఒక మాట తెచ్చుకోవాలి. వంటింటిదో, పొలానిదో, పురుగు పేరో, వాన పేరో. ఆ మాటను బొమ్మలో కనీసం అరచెయ్యంత పెద్దగా రాయాలి, దాని చుట్టూ ఆ వస్తువు ఉండాలి. బొమ్మ పూర్తయ్యాక తెలుగు రాని పక్క తరగతి పిల్లలకు దాన్ని చదివి, అర్థం వాళ్ల భాషలో చెప్పాలి. ఇందులో ఉపాధ్యాయులకు ఒక్క మనవి. ఆ మాటను పుస్తకాల తెలుగులోకి దిద్దవద్దు. కన్నడమో, తమిళమో, ఒడియానో కలిసి ఉంటే ఉండనివ్వండి. ఆ ఇంటివాళ్లు అక్కడ ఎన్ని తరాలుగా ఉన్నారో ఆ మాటే చెబుతుంది.

ఎర్బ్ పిల్లలతో చేయించిన యానిమేషన్ కూడా మన బడులకు అందని పనేమీ కాదు. ఒక ఫోన్, దాన్ని కదలకుండా నిలబెట్టడానికి నాలుగు ఇటుకలు, రంగు మట్టి ఉంటే చాలు. మట్టిబొమ్మను కొంచెం కొంచెం జరుపుతూ ఫొటోలు తీయాలి. సెకనుకు పది ఫొటోల లెక్కన నిమిషం కథకు 600 కావాలి. ఐదుగురు పిల్లల జట్టుకు నెల రోజుల డ్రాయింగ్ పీరియడ్లు పడుతుంది. బొమ్మలు ఎప్పుడైనా చేసుకోవచ్చు, కథ చెప్పే అవ్వ గొంతు మాత్రం మొదటి వారంలోనే రికార్డు చేసి పెట్టుకోవాలి.